ఐదు పాళ్ల పానీయం

మొన్న దసరా పండుగకు డల్లాసు నుంచి మా మేనల్లుడు వచ్చాడు. వికారాబాదులో మా ఇంటి డాబా మీద, అనంతగిరి గాలి తగిలే చోట, ఒక చిన్న బల్ల వేసుకొని దానిమీద సామగ్రి పేర్చాడు. రెండు సీసాలు, నిమ్మకాయలు, చక్కెర పాకం, మంచుగడ్డల గిన్నె, మూతబిగువుగల ఒక స్టీలు చెంబు. నేను మద్యం ముట్టనివాణ్ణని వానికి తెలుసు. అయినా నన్ను పిలిచి, "మామా, నువ్వు తెలుగు సారువు గదా, కాక్‌టెయిల్‌ను తెలుగుల ఏమంటరో చెప్పు" అని అడిగాడు.

మిశ్రపానీయమని వెంటనే చెప్పవచ్చు. కాని అది నిఘంటువులో పుట్టి నిఘంటువులోనే ఉండిపోయే మాట. నేను కొంతసేపు ఆలోచించి, "దీని తాతకు పేరు పెట్టింది మనమేరా" అన్నాను. వాడు నమ్మలేదు. వానికి చెప్పిన సంగతినే, కొంచెం పెంచి, ఇక్కడ మిత్రుల ముందు పెడుతున్నాను. అందులో వానికి చెప్పలేకపోయిన సంగతి కూడా ఒకటి ఉన్నది. అది చివర వస్తుంది.

* * *

కాక్‌టెయిల్ అన్న మాటకు అచ్చులో దొరికిన తొలి నిర్వచనం 1806 మే నెలలో న్యూయార్కు రాష్ట్రంలోని హడ్సన్ పట్టణపు పత్రిక ఒకటి ప్రకటించింది. మద్యము, చక్కెర, నీరు, చేదు దినుసులు కలిపిన ఉత్తేజకర పానీయమని దాని సారాంశం. కలిపే విధానాలన్నిటినీ జెర్రీ థామస్ అనే అమెరికా మద్యశాలాధికారి 1862లో పుస్తకంగా వేశాడు. ఈ విద్యకు అదే తొలి పాఠ్యగ్రంథమని చెప్పుకుంటారు. కాని అంతకు రెండువందల ఏండ్లకు పూర్వమే ఇంగ్లీషువారు మరొక మిశ్రమాన్ని తాగుతున్నారు. దాని పేరు పంచ్.

ఈ మాట ఇంగ్లీషులో మొట్టమొదట కనిపించే కాగితమేదో తెలుసునా? 1632 సెప్టెంబరులో రాబర్ట్ ఆడమ్స్ అనే ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి వ్రాసిన ఉత్తరం. అది ఎవరికి చేరవలసిన ఉత్తరం? పెట్టపోలిలో ఉన్న టి. కోలీ అనే వర్తకునికి. అక్కడివారంతా కలిసిమెలిసి ఉండాలనీ, పంచ్‌ను రేషనుగా కొలిచి తాగనక్కరలేదనీ సరదాగా ఆశించిన వాక్యంలో ఈ మాట దొర్లింది. పెట్టపోలి ఎక్కడిదో కాదు, మన నిజాంపట్నమే. 1611లో ఇంగ్లీషువారి 'గ్లోబ్' అనే ఓడ కోరమాండల్ తీరానికి వచ్చినప్పుడు మచిలీపట్నంతోపాటు వారు కాలుమోపిన రేవు అది. అప్పటికది గోలకొండ కుతుబ్‌షాహీల ఏలుబడిలో ఉండేది. అంటే ప్రపంచమంతా తిరిగిన ఒక పానీయపు పేరు ఇంగ్లీషు లిపిలో తొలిసారి తెలుగు రేవుకు చేరవలసిన చిరునామాతో నమోదయింది.

మరి పేరుకు అర్థమేమి? జాన్ ఫ్రయర్ అనే ఇంగ్లీషు వైద్యుడు 1672 నుంచి కొన్నేండ్లు మన దేశంలోనూ పారసీకంలోనూ తిరిగి, ఆ ప్రయాణాలను 1698లో గ్రంథంగా వెలువరించాడు. పంచ్ అన్నది ఐదు అని అర్థమిచ్చే హిందూస్తానీ మాట అనీ, ఐదు వస్తువులు కలిపినందున ఆ పేరు వచ్చిందనీ ఆయన వివరించాడు. సంస్కృత పంచ శబ్దమే దీని మూలమని నావంటి పండితునికి చెప్పబుద్ధి అవుతుంది. కాని నిజాయితీగా ఒక మాట చెప్పాలి. పంచన్ అనే పెద్ద పీపా పేరునుంచే ఇది వచ్చిందని వాదించేవారూ ఉన్నారు. ఓడల్లో మద్యం ఆ పీపాల్లోనే ఉండేది కనుక ఆ వాదమూ తీసివేయదగినది కాదు. వ్యుత్పత్తి చెప్పేవాడు తనకు నచ్చినదానినే సత్యమనుకోకూడదని మాకు పాఠం చెప్పిన గురువుగారు అంటూండేవారు. అందుచేత తీర్పు మీకే వదిలిపెడుతున్నాను.

ఐదు వస్తువులు ఇవి: సారాయి, నిమ్మరసం, చక్కెర, నీరు, జాజికాయ వంటి సుగంధద్రవ్యం. ఇందులో ఒక్క సారాయిని పక్కకు తీయండి. నిమ్మపులుపు, తీపి, నీరు, సుగంధం మిగులుతాయి. శ్రీరామనవమినాడు మన పందిళ్లలో బెల్లమూ మిరియాలూ ఏలకులూ శొంఠీ వేసి, కొన్ని ఇళ్లలో నిమ్మకాయ కూడా పిండి, పంచే పానకానికీ దీనికీ ఎంత దూరమున్నది? పానకం నుంచే పంచ్ పుట్టిందని నేను అనడం లేదు. ఎండదేశపు మనిషి దాహానికి వెతుక్కున్న సమాధానం రెండుచోట్లా ఒకటేనని మాత్రం అంటున్నాను.

ఆ పానీయం అందరికీ మేలుచేసిందనుకోకండి. ఫ్రెంచి యాత్రికుడు బెర్నియే బంగాళంలోని ఇంగ్లీషువారూ డచ్చివారూ తాగే ఈ మిశ్రమాన్ని గురించి వ్రాస్తూ, నాలుకకు ఇంపుగానే ఉన్నా ఒంటికి చెరుపు చేస్తుందని హెచ్చరించాడు. చక్కెర, నిమ్మ కలిసి సారాయి ఘాటును దాచివేస్తాయి. దాచినప్పుడు తాగేవానికి కొలత తప్పుతుంది. కలపడంలోని మొదటి ప్రమాదం అదే.

* * *

కలపడమనే విద్యను మనవారు ఎన్నడో శాస్త్రం చేశారు. కౌటిల్యుని అర్థశాస్త్రంలో సురాధ్యక్షుడనే అధికారికి ఒక ప్రకరణమే ఉన్నది. మేదకము, ప్రసన్న, ఆసవము, అరిష్టము, మైరేయము, మధువు అని ఆరు తీరుల మద్యాలను చెప్పి, దేనిలో ఏది ఎంత వేయాలో తూనికలతో సహా నిర్దేశించాడు. మైరేయంలో బెల్లంతోపాటు పిప్పలి, మిరియాలు పడతాయి. ఆసవంలో వెలగపండూ తేనే ఉంటాయి. తయారీకి కొలత, అమ్మకానికి చోటు, తాగేవానిపై ఒక కన్ను, ఇవన్నీ రాజ్యం చేతిలో ఉండాలన్నది కౌటిల్యుని పద్ధతి.

ఇక రుచి సంగతి. మా అలంకారశాస్త్ర పాఠంలో పానకరసన్యాయమని ఒకటి ఉన్నది. కావ్యంలో విభావానుభావాదులు విడివిడిగా తోచకుండా ఏకమై రసంగా ఆస్వాదింపబడతాయని చెప్పడానికి మమ్మటుడు పానకాన్ని ఉదాహరణగా తెచ్చాడు. బెల్లమూ మిరియమూ వేటికవిగా కాక, రెండూ కలిసి మూడవ రుచి ఒకటి పుట్టాలి. బెల్లం విడిగా, మిరియం విడిగా తెలిస్తే అది పానకం కాదు, వంటవాడి తప్పు. మా మేనల్లుడు స్టీలు చెంబు ఊపుతూ చెప్పిన సూత్రం కూడా ఇదే. మమ్మటుని పేరు మాత్రం వాడు వినలేదు.

వాడు చెప్పిన ప్రాథమిక పాఠం ఇది. ఘాటు, పులుపు, తీపి, నీరు, ఈ నాలుగింటి తూకమే అసలు విద్య. 60 మిల్లీలీటర్ల మద్యానికి సుమారు 25 మిల్లీలీటర్ల నిమ్మరసం, దాదాపు అంతే చక్కెర పాకం. పండ్లరసం పడినప్పుడు మంచుగడ్డలతో కలిపి గట్టిగా ఊపాలి. మద్యాలు మాత్రమే ఉంటే గరిటెతో మెల్లగా తిప్పితే చాలు. మంచు చల్లబరచడానికే కాదు, కరిగి నీరై ఘాటును విరవడానికి కూడా. కంటితో కొలవరాదు, కొలపాత్ర తప్పనిసరి. కరీబియన్ దీవులలో నిలిచిపోయిన పాత లెక్క ఒకటున్నదట: పులుపు ఒక పాలు, తీపి రెండు, ఘాటు మూడు, నీరు నాలుగు పాళ్లు. ఈ లెక్కలో నీటిదే పెద్దపాలు కావడం గమనించండి. పూర్వులు తెలివిమాలినవారు కారు.

చేదు కూడా ఒక దినుసేనని వాడు అన్నప్పుడు నాకు సికింద్రాబాదు గుర్తుకువచ్చింది. జిన్ అనే మద్యంలో కలిపే టానిక్ నీటిలోని చేదు క్వినైనుది. మలేరియాకు మందది. లండనులో 1858లో ఈ నీటికి పేటెంటు తీసుకున్నారు. మన దేశంలోని దొరలు జ్వరభయంతో దీనిని అలవాటు చేసుకున్నారు. ఆ జ్వరాన్ని మోసేది దోమ అని రొనాల్డ్ రాస్ కనుగొన్నది 1897 ఆగస్టు 20న, మన సికింద్రాబాదులోనే. బొంబాయి వైపునుంచి సికింద్రాబాదు దండుకు వచ్చే సరుకు ఏ దారిన వచ్చేది? 1874లో ప్రారంభమైన వాడీ–సికింద్రాబాదు రైలుదారిన, అంటే మా తాండూరు, వికారాబాదుల మీదుగా. ఈ వికారాబాదుకు ఆ పేరు వచ్చింది కూడా 1893 నుంచి 1901 దాకా హైదరాబాదు ప్రధానిగా ఉన్న పైగా ప్రభువు వికారుల్‌ఉమ్రా వలననే. విలాయతీ సీసాలు గలగలమంటూ మా స్టేషన్లు దాటిపోయేవి. మా జనానికి వాటితో పనిలేదు. వారికి ఈతచెట్టు ఉన్నది, తాటిచెట్టు ఉన్నది.

* * *

మా వైపు ఈతచెట్లను ఈదులంటారు. గౌండ్లవారు మోకు కట్టుకొని చెట్టెక్కి, మట్టను గీసి, లొట్టి కట్టి వస్తారు. తెల్లవారి దించిన రసం తియ్యగా ఉంటుంది. అది నీరా. కుండలో సున్నం పూస్తే పులియడం ఆలస్యమవుతుంది. లేకుంటే గాలిలోని, కుండలోని ఈస్టు చక్కెరను పట్టుకొని కొద్ది గంటలలోనే కల్లుగా మారుస్తుంది. అందులో మద్యాంశం నూటికి నాలుగైదు పాళ్లు. మరునాటికి అది పులిసి పుల్లనీళ్లవుతుంది. అంటే చెట్టుకల్లు నిలువచేసుకొనే సరుకు కాదు, ఏ పూటది ఆ పూటకే. చెట్లు ఎన్ని ఉంటే అంతే కల్లు. ప్రకృతి పెట్టిన కొలపాత్ర అది.

నిజాము కాలంనుంచీ ఆబ్కారీ సర్కారుకు పెద్ద ఆదాయం. కంట్రాక్టుదారుడు పాటపాడి సొమ్ము కట్టాక, దానిని రాబట్టుకోవాలి. ఈదులు తరిగాయి, తాగేవారు పెరిగారు. ఆ ఎడాన్ని పూడ్చడానికి వచ్చినదే మందుకల్లు. నీళ్లు పోసి, తీపికి శాకరిన్ వేసి, మత్తుకు క్లోరల్ హైడ్రేట్ అనే పొడి కలుపుతారు. తరువాతి కాలంలో డయాజెపాం, ఆల్ప్రాజొలాం కూడా చేరాయి. ఇవి వైద్యుడు చీటీ వ్రాసి ఇచ్చే నిద్రమందులు. క్లోరల్ హైడ్రేట్‌ను జర్మనుడు లీబిగ్ 1832లో తయారుచేశాడు. నిద్రమందుగా అది వాడుకలోకి వచ్చింది 1869లో. అమెరికాలో ఒకానొక కాలాన దొంగలు గిరాకీల గ్లాసులో దీనిని కలిపి, స్పృహ తప్పాక జేబులు దోచేవారు. ఆ మోసపు మిశ్రమానికి షికాగోలోని మద్యశాల యజమాని పేరుమీద మికీ ఫిన్ అని పేరు పడింది. అక్కడ అది నేరం కనుక దానికి పేరున్నది. మా ఊళ్లలో అది రోజూ సాయంత్రం జరిగేది కనుక కల్లు అనే పిలిచారు.

తెలుగులో కలుపు అన్న మాట ఒక విచిత్రం. క్రియగా చూస్తే ఏకం చేయడం. నామవాచకంగా చూస్తే పైరును చంపే పనికిరాని మొక్క. ఆ పక్కనే కల్తీ అనే మాట వినబడుతుంది. ముప్పై ఏండ్లు పిల్లలకు నానార్థాలు చెప్పాను గాని, ఈ మూడింటినీ ఒక్కచోట పెట్టి ఆలోచించడానికి నాకు చాలాకాలం పట్టింది.

* * *

1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారాయి నిషిద్ధమైంది. అంతకుముందు ఏడాది నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు రగిలించిన ఉద్యమపు ఫలం అది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో తొలగింది. సారాయి ఆగిన ఆ సంవత్సరం నేను తాండూరు సమీపంలోని ఒక పల్లెటూరి బడిలో తెలుగు చెప్పేవాణ్ణి. నాపరాళ్ల ఊరు అది. తండ్రులంతా గనులకో, రాయి నునుపుచేసే పాలిషు మిషన్లకో పోయేవారు. సారాయి దుకాణం మూతపడినందుకు మేము బడిలో వ్యాసరచన పోటీ పెట్టాము. నేను చూస్తుండగానే కల్లు కాంపౌండు ముందు వరుస పెరిగింది. ఆ సంగతిని మాత్రం ఎవరమూ వ్యాసంలో వ్రాయమనలేదు.

ఎనిమిదవ తరగతిలో ఒక పిల్లవాడుండేవాడు. పద్యం వింటే అప్పగించేవాడు. నోటుపుస్తకం మాత్రం ఎన్నడూ తెచ్చేవాడు కాదు. ఒకనాడు విసిగి, నలభైమంది పిల్లల ముందర, "మీ నాయిన రోజూ తాగే సీసాలో ఒక్కటి తగ్గిస్తే నీకు పుస్తకం వస్తది" అన్నాను. పిల్లలు నవ్వారు. వాడు తల వంచుకున్నాడు. నీతి బోధించానని నేను తృప్తిపడ్డాను. మద్యనిషేధంపై నేను వ్రాసియిచ్చిన ఉపన్యాసాన్ని ఆ నెలలోనే మా బడి పిల్ల ఒకతె చదివి బహుమతి కూడా తెచ్చుకున్నది.

ఇరవైరెండు ఏండ్లు గడిచాయి. 2015 సెప్టెంబరులో తెలంగాణ ప్రభుత్వం కల్తీకల్లుపై గట్టిగా దాడులు చేసింది. మందు లేని కల్లు దుకాణాలకు వచ్చింది. మంచిదే గదా అనుకుంటాము. కాని నిజామాబాదు, మహబూబ్‌నగర్ ప్రాంతాలలో వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు. చేతుల వణుకు, నిద్రలేమి, మూర్ఛలు, లేనివి కనిపించడం. హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి జనాన్ని తీసుకువచ్చారు. ఆ రోజులలోనే నాకు ఫోను వచ్చింది. ఆ పిల్లవాడే. అప్పటికి వాడు ముప్పైయైదేండ్లవాడు, లారీ నడుపుతున్నాడు. "సార్, నాయిన గోడలమీద చీమలు పారుతున్నయని కేకలు పెడుతుండు. అమ్మను గుర్తుపడుతలేడు. మీకు పట్నంల ఎవరన్న డాక్టరు ఎరికేనా?" అన్నాడు.

నేను కూడా వెంట వెళ్లాను. చేతులు కట్టేసిన మంచం మీద ఆయనను చూశాను. పాలిషు మిషనుమీద రాతిదుమ్ము మింగుతూ ముప్పై ఏండ్లు పనిచేసిన మనిషి. అక్కడి యువవైద్యుడు నాకు ఓపికగా వివరించాడు. ఈయన శరీరం అడుగుతున్నది కల్లును కాదు, కల్లులో కలిసిన మందును. ఏండ్ల తరబడి లోపలికి పోయిన నిద్రమందు ఒక్కసారిగా ఆగిపోతే మెదడు ఇలాగే ఎదురుతిరుగుతుంది. కొంచెం కొంచెంగా తగ్గించాలి తప్ప తటాలున ఆపరాదు. "ఆయనకు తాను మందు తీసుకుంటున్నానన్న సంగతే తెలియదు" అన్నాడు.

ఆ మాట నాకు నిద్రపట్టనివ్వలేదు. తాగుబోతని నేను తరగతిలో వెక్కిరించిన మనిషి రాతిపని నొప్పులకు సాయంత్రం ఒక సీసా కల్లు కొనుక్కున్నాననుకున్నాడు. ఒక్క సీసా తగ్గించడం ఆయన చేతిలో ఎన్నడూ లేదు. తగ్గించిననాడు ఒంట్లో వణుకు మొదలయ్యేది. పిల్లవాని నోటుపుస్తకం డబ్బు ఆ వణుకుకు పోయేది. ఎవరో వేరే గదిలో కూర్చొని, కొలపాత్ర లేకుండా, పొడి కలిపారు. ఆ కలిపినవానికి మేము వ్యాసరచన పోటీ పెట్టలేదు.

పన్నెండు రోజులకు ఆయన ఇంటికి వచ్చాడు. ఇప్పటికీ ఉన్నాడు, సన్నబడ్డాడు.

కథ అంతటితో తీరలేదు. 2021 జనవరిలో మా వికారాబాదు జిల్లాలోనే కల్లు తాగి వందమందికి పైగా జబ్బుపడ్డారు. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీకల్లు ప్రాణాలు తీసింది. నడుమ 2023లో హైదరాబాదు నెక్లెస్ రోడ్డుపై ప్రభుత్వం నీరా కేఫు తెరిచింది. చెట్టుకు గౌరవం దక్కినందుకు సంతోషించాను. కాని గనిలో దిగేవాడు సాయంత్రం నెక్లెస్ రోడ్డుకు పోడు గదా.

* * *

డాబా మీద మేనల్లుడు గ్లాసులో పోసి, నిమ్మచెక్క తగిలించి, తాగబోతూ ఆగాడు. "పేరు చెప్పలేదు మామా" అన్నాడు.

"ఐదు పాళ్లు అను, చాలు" అన్నాను. "పేరుకంటె ముఖ్యమైన మాట ఒకటున్నది. దీంట్ల ఏమేం పోసినవో నీకు తెలుసు. ఎంత పోసినవో తెలుసు. ఇంట్ల కలుపుకునేవానికి ఉన్న భాగ్యం అదొక్కటే. దాన్ని పోగొట్టుకోకు."

వాడు నా ముఖంలోకి చూశాడు గాని ఎందుకన్నానో అడగలేదు. పడమట చీకట్లో అనంతగిరి. అక్కడ పుట్టిన మూసీ పట్నం దాటి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. ఆ కృష్ణ సముద్రంలో కలిసే డెల్టా అంచున ఉన్నదే పంచ్ ఉత్తరం చేరవలసిన నిజాంపట్నం. కలవడమంటే నాకు ఎప్పుడూ ఆ నీళ్లే జ్ఞప్తికి వస్తాయి.

ఆసుపత్రినుంచి తండ్రిని తీసుకువెళ్లే రోజున, బస్టాండులో, నేను నా శిష్యుణ్ణి అడిగాను: "ఎనిమిదో తరగతిల నేనొక మాట అన్న, యాదికి ఉన్నదా?"

"ఉన్నది సార్" అన్నాడు.

తప్పు నాది అన్నాను. వాడు సరేనని కాని, పరవాలేదని కాని అనలేదు. తండ్రి భుజం పట్టుకొని బస్సెక్కించాడు. కిటికీలోంచి నాకు నమస్కారం పెట్టాడు. ఆ నమస్కారానికి తగినవాడినా అన్న ప్రశ్న పదేండ్లుగా నాతోనే ఉన్నది.